మా గుట్ట మీద ఏమీ లేవట

ఆ రోజుల్లో మాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. పొద్దున లేచేసరికి ఎవరో ఎక్కడో మమ్మల్ని ఒక మాట అన్నారని తెలిసేది. మధ్యాహ్నానికల్లా రోడ్డు మీద బండరాళ్ళు అడ్డం పెట్టి కూర్చునేవాళ్ళం. సాయంత్రం ఇంటికొచ్చి ఇంత తిని, మర్నాటి కోపానికి సిద్ధమయ్యేవాళ్ళం. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పుకునే నాకు, రాష్ట్రం కోసం సాగిన ఆ సమ్మె నెలలో చేతినిండా తీరిక, కడుపునిండా కోపం. (అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో ఈ రెండూ ఒకచోట చేరితే ఊరికి మంచిది కాదు.) ఇన్నేళ్ళ తర్వాత ఆ కోపాల్లో సగం ఎందుకొచ్చాయో కూడా గుర్తు లేదు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. అది మా ఊరి గుట్ట గురించి వచ్చిన కోపం.

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే తోవలో, పొలాలు దాటాక, పడుకున్న బర్రెలా ఒక చిన్న గుట్ట కనిపిస్తుంది. దాన్ని ఏదుల గుట్ట అంటాం. ఏదు అంటే ముళ్ళపంది. హిమాలయాల ఎత్తులన్నీ నా చేత బట్టీ పట్టించిన భూగోళం పుస్తకం దీని పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు; సరే, ఆ పుస్తకాన్ని ఎప్పుడో క్షమించాను. దానికి తూర్పున ఏటవాలు, ఆ వాలు నిండా తునికి చెట్లు, సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. మా ఊరి బతుకమ్మలన్నీ అక్కడే పూస్తాయి. దక్షిణం వైపు నున్నటి నల్లబండ. చిన్నప్పుడు దాని మీద జారి మేం చింపుకోని బట్టలు లేవు. నడినెత్తిన బండలోనే తొలిచినట్టుండే నీటి గుంట, దాన్ని దోన అంటాం. వానలకు నిండిందంటే ఉగాది దాకా ఎండదు. ఉత్తరం వైపు నిట్టనిలువు చరియ, దాని చూరు కింద వరసగా వేలాడే పెద్ద పెద్ద తేనెపట్లు. బీడీలు చుట్టే మా అమ్మ వేసవిలో తునికాకు తెంపడానికీ, బతుకమ్మకు పూలకీ, పండగ పోయాక సీతాఫలాలకీ ఆ గుట్టే ఎక్కేది. మస్కట్‌లో పని చేసే మా బాపు శుక్రవారం ఫోన్ చేస్తే ముందు నా సంగతి కాదు, సీతాఫలాలు కన్ను విప్పాయా లేదా అని అడిగేవాడు.

అన్ని ఆఫీసులకూ తాళాలు పడ్డ ఆ నెలలో ఒక కాగితం మాత్రం ఎలా నడిచి వచ్చిందో మా పంచాయతీ గోడకు వచ్చి అతుక్కుంది. సదరు గుట్ట చెట్టు చేమ లేని రాతి గుట్ట అనీ, వన్యప్రాణులు లేవు అనీ, గ్రానైటు తవ్వడానికి మిక్కిలి అనుకూలమనీ, అభ్యంతరాలు ఉన్నవారు తెలుపుకోవచ్చుననీ అందులో ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకసారి చదివి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. 'లేవు' అన్న రెండక్షరాలు రాసిన మనిషి ఎవరో విచారిస్తే, కంపెనీ తరఫున రిపోర్టులు రాసే ఒక సారు అని తేలింది. ప్రైవేటు మనిషి కాబట్టి సమ్మె వర్తించలేదు. ఆయన వచ్చిన రోజు గుట్ట ఎక్కనే లేదట. కింద హోటల్లో కూర్చుని, రెండు చాయలు తాగి, చాయ గ్లాసు కింద కాగితం పెట్టుకుని మా గుట్టను ఖాళీ చేసి పోయాడట. అంతకన్నా మండించిన సంగతి ఇంకోటి ఉంది. రోడ్డు మీద రాళ్ళు పెట్టి బళ్ళన్నీ ఆపుతున్న మావాళ్ళు ఆయన జీపును ఆపలేదు. ముందు అద్దానికి ఉద్యమం స్టిక్కర్ ఉందని చేతులెత్తి దండం పెట్టి మరీ దారిచ్చారు. ఆయన ఎవరో దూరం మనిషై ఉంటాడని మేమంతా ఆశపడ్డాం, తిట్టుకోవడానికి సుఖంగా ఉంటుందని. తీరా చూస్తే ఆయనది జగిత్యాల పక్క ఊరే. దాంతో నా కోపం రెట్టింపైంది.

మర్నాడే రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకుని గుట్ట ఎక్కాను. గుట్ట మీద ఏమేమున్నాయో వరసగా రాసి ఆ సారు మొహాన పెట్టాలని నా పట్టుదల. సైన్సు టీచర్నే గానీ నాకు తెలిసిన జంతువులన్నీ బొమ్మల్లో ఉండేవి; నిజం జంతువులు తెలిసినవాడు గొర్ల కాక. మా బాపుకు వరసకు తమ్ముడు, నలభై ఏళ్ళుగా ఆ గుట్ట చుట్టే గొర్లు మేపుతున్నవాడు. కానీ ఆయన నోట ఒక్క జంతువు పేరు రప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఏదులు ఎక్కడుంటాయి కాకా అంటే, నీకెందుకు అన్నట్టు చూసి గొర్రెను అదిలించేవాడు. ఆఖరికి అసలు మాట బయటపెట్టాడు.

"రాస్తె ఎరుకైతది బిడ్డ. ఎరుకైతె పట్టుకపోతరు. ఇన్నేండ్లు అవి గీడ ఉన్నయంటె ఎవ్వలు రాయకవట్టే ఉన్నయ్."

ఇప్పుడు రాయకపోతే గుట్టే ఉండదని, గుట్ట పోతే ఆయన గొర్లు రోడ్డు మీద పడతాయని నేను గంటసేపు వాదించాను. ఆయన చుట్ట ఆర్పి లేచి, రా అన్నట్టు తల ఊపాడు. అక్కడి నుంచి పదకొండు రోజులు ఆయన వెనకాల తిరిగాను. అడుగుజాడలు, ఈకలు, పెంటికలు, బొరియలు, అన్నీ చూపించాడు. కుందేలు, ముంగిస, ఉడుము, నక్క, జంగపిల్లి, కొండెంగ, కౌజుపిట్ట, పూరేడు, గుడ్లగూబ, నెమళ్ళు, ఏదులు. బాపు ఫోన్‌లో తన చిన్నప్పుడు చూసిన ఎలుగుబంటిని కూడా రాయమన్నాడు (రాయలేదు, నాకూ నిజాయితీ ఉంది). కోరుట్ల నుంచి వేర్లకూ ఆకులకూ వచ్చే హకీం చాచా చెట్ల పేర్లు చెప్పాడు. ఇంట్లో ఉర్దూ, గుట్ట మీద తెలుగు, మందుల పేర్లు మాత్రం రెండు భాషల్లోనూ చెప్పేవాడు. ప్రాణుల జాబితా నలభై ఒకటి దగ్గర ఆగింది. చాచా కళ్ళద్దాలు సవరించుకుని జాబితా అంతా విని, తేనెటీగలు ఏవి బేటీ అన్నాడు. అవి వట్టి పురుగులు చాచా, వన్యప్రాణులంటే కాస్త లెక్కలోకి వచ్చేవి ఉండాలి అని నేను బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. చాచా మొహం చిన్నబుచ్చుకుని కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

గుట్ట మీద జీవాలున్నాయని కంపెనీకి అభ్యంతరం రాసి పంపాను. అది అందిందనీ, ఫలానా రోజు ఉదయం ఆరింటికి వస్తాననీ, ఉన్నవి చూపిస్తే రాసుకుంటాననీ సారు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన 'లేవు' కొట్టేసి 'కలవు' అని రాస్తే గుట్ట దక్కినట్టే, రాయకపోతే పోయినట్టే. గొర్ల కాక షరతులు పెట్టాడు. తెల్లారకముందే కొసకు చేరాలి. నలుగురికి మించి మనుషులు ఉండకూడదు. తెల్లబట్టలు వద్దు, చుట్టలు, బీడీలు వద్దు, నోరు మెదపొద్దు. నేను అన్నిటికీ ఒప్పుకుని ఆ సంగతి ఒక్క మా అమ్మకు మాత్రమే చెప్పాను. అమ్మ తనతో కూర్చుని బీడీలు చుట్టే ఒక్క గుంపుకు మాత్రమే చెప్పింది. ఆ గుంపులో తొమ్మిది మంది ఆడవాళ్ళు. పొద్దు గూకేసరికి మా ఊళ్ళో తెలియనిది గుట్ట మీది జంతువులకు మాత్రమే.

అనుకున్న రోజు మసక వెలుతురులో గుట్ట కిందికి చేరేసరికి ఆరు డప్పులు అప్పటికే చలిమంట దగ్గర వేడెక్కుతున్నాయి. మా మేనమామ సిరిసిల్ల మగ్గాల మీద నేయించి పంపిన తాను మీద 'మా గుట్ట మాకే' అని ఎర్ర రంగుతో రాసి ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు తంగేడు పూలతో బతుకమ్మలు పేర్చుకొచ్చారు. పండగ పోయి పది రోజులైంది, అయినా పేర్చుకొచ్చారు. బియ్యం, పప్పు, పెళ్ళిళ్ళలో వాడే పెద్ద డేగిస కూడా వచ్చాయి, దోన పక్కన వంటా వార్పూ చేయడానికి. వీటన్నిటి ముందు ర్యాలీ అన్న నిలబడి ఉన్నాడు. మా ఊళ్ళో ఉద్యమానికి పెద్ద ఆయనే. పేరంటానికి పిలిచినా ఊరేగింపుగా వెళ్ళే మనిషి. ఊరికి సంబంధించిన విషయాన్ని తనతో చెప్పకుండా గుట్టుగా నడిపించాలనుకున్నందుకు నా మీద ఆయనకే ముందు కోపం వచ్చింది. చప్పుడైతే ఒక్క ప్రాణి కూడా కనబడదన్నా, దయచేసి అందరినీ ఇంటికి పంపు అని బతిమాలాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"సప్పుడు చెయ్యకపోతె మనల్ని ఎవ్వలు లెక్కవెడ్తరు చెల్లె? ఇన్నేండ్లు సప్పుడు చెయ్యకనే గిట్లయితిమి."

ఆ రోజుల్లో మాకు అడగడం అంటే అదే. కరెంటు కావాలన్నా, నీళ్ళు కావాలన్నా, రాష్ట్రం కావాలన్నా డప్పు కట్టుకుని బయల్దేరడమే. ముళ్ళపందిని చూపించడానికి వేరే పద్ధతి ఉంటుందని మా ఊళ్ళో గొర్ల కాకకు తప్ప ఎవరికీ తోచలేదు. కాక ఆ గుంపును ఒకసారి చూసి, గొంగడి తల మీదికి లాక్కుని, మాతో సంబంధం లేనట్టు వేరే దారిన ఎక్కాడు.

ఆరింటికి వస్తానన్న సారు పదిన్నరకు వచ్చాడు. (అదే జీపు, అదే స్టిక్కర్.) అప్పటికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది, నాలుగున్నర గంటలుగా డప్పులు మోగుతూనే ఉన్నాయి, మా గుట్ట మీది ప్రాణులన్నీ మెట్‌పల్లి దాకా వెళ్ళిపోయి ఉంటాయి. తూర్పు వాలున నెమళ్ళు తిరిగే చోటు చూపించాను. ఒక ఈక దొరికింది. అవి ఫ్యాన్సీ దుకాణంలో కూడా దొరుకుతాయన్నాడు. ఏదు ముల్లు చూపించాను. ఎక్కడి నుంచైనా తేవచ్చన్నాడు. నక్క పెంటికలు చూపిస్తే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊరకుక్కలు లేవా మీ ఊళ్ళో అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టి, పదకొండు రోజులు తిరిగి రాశాను సార్, ఒక్కసారి చదవండి అన్నాను. ఆయన తెరవకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"చూడమ్మా, కండ్లకు కనవడ్డది రాస్త. నువ్వు రాసుకున్నది నేనెట్ల రాయాలె?"

అలా అలా దోన పక్కనుంచి ఉత్తరం చరియ అంచుకు చేరాం. అక్కడ హకీం చాచా రెండు చేతులూ ఎత్తి, అందరూ చుప్ ఉండాలె అన్నాడు. పక్క నుంచి వంగి చూస్తే చూరు కింద తేనెపట్లు నల్లగా కదులుతున్నాయి. ఆ పూటంతటిలో మా ఊరు నోరు మూసుకున్నది అక్కడే. డప్పులు ఆగాయి. ర్యాలీ అన్న కూడా ఆగాడు. ఆ నిశ్శబ్దంలో సారు వాచీ చూసుకున్నాడు, ఫైలు తెరిచాడు, 'వన్యప్రాణులు లేవు' అని తీరిగ్గా రాసి కింద గీత కూడా గీశాడు. ఆ కలం చప్పుడు నాకు వినిపించింది. తర్వాత ఏం జరిగిందో నేను చాలా ఏళ్ళు చాలామందికి తప్పుగా చెప్పాను. ర్యాలీ అన్న బీడీ పొగకు లేచాయని చెప్పాను. ర్యాలీ అన్న అసలు బీడీ తాగడు. నిజం ఏమిటంటే, పదకొండు రోజుల కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చి, పక్కవాడి చేతిలో పుల్ల లాక్కుని, వాడి మెడలో ఉన్న డప్పును పగిలేలా బాది, గుట్ట మీద జీవాలు ఉన్నాయి అని నేనే అరిచాను. అలవాటు చొప్పున ఊరంతా 'ఉన్నయి, ఉన్నయి' అని అందుకుంది. ఆ కేక చరియకు తగిలి తిరిగి వచ్చింది. దాని వెంటే తేనెటీగలు కూడా వచ్చాయి.

నేను చూసినంత మటుకు చెబుతాను, ఎందుకంటే కాసేపటికి నా ఎడమ కన్ను మూసుకుపోయింది. బ్యానర్ పట్టుకున్న ఇద్దరూ ఆ తానునే చుట్టుకుని బట్ట మూటల్లా దొర్లారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకుని బతుకమ్మలు వదలకుండానే తూర్పు వాలు దిగిపోయారు. ర్యాలీ అన్న డేగిస బోర్లించుకుని కింద కూర్చున్నాడు. లోపలి నుంచి ఆయన మాటలు వినిపించాయి గానీ అవి నినాదాలు కావు. సారు బూట్లతో సహా దోనలో దూకి ముక్కు మాత్రం పైన ఉంచుకున్నాడు, ఫైలు నెత్తిన పెట్టుకున్నాడు. గొర్ల కాక ఒక బండ మీద గొంగడి కప్పుకుని కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన మీద ఒక్క ఈగ వాలలేదు. మా అమ్మ నన్ను జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఆ గొంగడిలోకి తోసింది.

మధ్యాహ్నం గుట్ట కింద చింతచెట్టు నీడన ఊరంతా వరసగా కూర్చుంటే, హకీం చాచా ఒక్కొక్కరికీ ముల్లు తీసి సున్నం రాశాడు. సారు మొహం పూరీలా పొంగింది. చాచా ఆయనకు అందరికన్నా ఎక్కువ జాగ్రత్తగా సున్నం రాసి, చాలా మర్యాదగా ఒక్క మాట అడిగాడు.

"ఇప్పుడు కనవడ్డయా సాబ్?"

సారు తడిసిన ఫైలు తెరిచాడు. 'లేవు' అన్నది కొట్టేయలేదు. దాని కింద ఇంకో వాక్యం రాశాడు: ఉత్తర భాగమున విషకీటకములు మిక్కిలిగా కలవు, పనివారి ప్రాణములకు అపాయకరము. నేను ఒంటికన్నుతో అది చదివి మళ్ళీ రగిలిపోయాను. తేనెటీగలు విషకీటకాలా? ఎవరు చెప్పారు మీకు? వాటిని తేనెటీగలు అని రాయండి, వన్యప్రాణుల గడిలో రాయండి అని వాచిన మూతితో వాదించాను. (నా సొంత జాబితాలో వాటికి చోటివ్వని సంగతి ఆ క్షణాన నాకు గుర్తు లేదు. చాచాకు గుర్తుంది, కానీ ఆయన పెద్దమనిషి.) సారు కలం ఎత్తాడు, మార్చినా మార్చేవాడేమో. అప్పుడు మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ఊకో బిడ్డ. గా మాటనే ఉండనీ."

నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. నా వైపు నిలబడాల్సిన మనిషి నా నోరు మూసిందని ఆ పూట అన్నం తినలేదు, మూడు రోజులు మాట్లాడలేదు. నోటుబుక్కులో నలభై రెండో అంకె వేసి తేనెటీగలు అని రాసి, పుస్తకం పెట్టె అడుగున పడేశాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం, ఆ ఆరు డప్పులూ మళ్ళీ మోగాయి, నేను కూడా ఎగిరాను. కొన్నాళ్ళకు గుట్ట దగ్గరికి యంత్రాలు వచ్చాయి. నేను పళ్ళు నూరుతూ వెళ్ళి చూశాను. దక్షిణం వైపు నల్లబండను కేకు కోసినట్టు పలకలు పలకలుగా కోసి లారీలకెక్కించారు. మేం జారిన బండ ఏ ఊళ్ళో ఎవరి వంటింటి అరుగైందో తెలియదు. కానీ ఉత్తరం వైపుకు వచ్చేసరికి వాళ్ళ మేస్త్రీ ఆ పాత రిపోర్టు చదివించుకుని, అటు నా మనుషుల్ని పంపను అని మొండికేశాడట. తేనెటీగలు అని రాసి ఉంటే పట్టు తీసేవాణ్ణి ఎవణ్ణో పిలిపించి ఒక్క పూటలో పని కానిచ్చేవాడు. విషకీటకములు అన్న మాట చూసి జడిశాడు. ఆ మాట కొట్టించడానికే నేను ఒంటికన్నుతో కొట్లాడాను.

ఇప్పుడు నేను జగిత్యాల దగ్గర సర్కారు బడిలో పని చేస్తున్నాను. ఏటా బతుకమ్మ వెళ్ళాక మా పిల్లల్ని ఆ మిగిలిన సగం గుట్టకు తీసుకెళతాను. తెల్లవారకముందే ఎక్కాలి, తెల్లబట్టలు వద్దు, నోరు మెదపొద్దు అని గొర్ల కాక షరతులే చెబుతాను. కాక లేడు, ఆయన గొంగడి మా ఇంట్లో ఉంది. దక్షిణం వైపు జీవాల్లో మిగిలినవి ఇటే వచ్చి సర్దుకున్నాయి. పోయినేడు నాలుగు నెమళ్ళు, ఒక ఉడుము కనిపించాయి. నోటుబుక్కులో మాత్రం కొన్ని పేర్ల పక్కన చాలా ఏళ్ళుగా ఏమీ రాయలేకపోతున్నాను. ఏదు వాటిలో ఒకటి.

పోయినేడు అమ్మ కూడా మాతో వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని సగం దాకా ఎక్కింది. కిందికి దిగాక ఒక పిల్ల, మేడం, గీ సగం గుట్ట ఎట్ల మిగిలింది అని అడిగింది. తేనెటీగలు ఆపాయని చెప్పాను. మరి వాటిని ఎవ్వలు లేపిండ్రు అంది. ర్యాలీ అన్న బీడీ అని చెప్పబోయి అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేనే, డప్పు కొట్టి అరిచాను అన్నాను. దగ్గినా కళ్ళెర్ర చేసే మేడం ఆ పని చేసిందంటే పిల్లలెవరూ నమ్మలేదు, కథలు చెప్పొద్దు మేడం అన్నారు. నాకూ నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు నేను గట్టిగా మాట్లాడటమే మానేశాను, అభ్యంతరాలన్నీ దరఖాస్తుల్లో రాసి రసీదు తీసుకుంటాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు దక్షిణం వైపు ఆ కోసేసిన చోటు పక్కగా నడవాల్సి వస్తుంది. అక్కడికి రాగానే ఆ మూతి వాచిన కోపిష్టి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, నా కుడిచెయ్యి దానంతటదే డప్పు పుల్ల కోసం వెతుక్కుంటుంది.